పద్నాలుగు మెట్లు

ఆ స్కూల్లో ఒకటో తరగతి పై అంతస్తులో ఎందుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొడుగు కాళ్ళున్న పదో తరగతి వాళ్ళు కింద, జానెడు పిల్లలు పైన. ఎప్పుడో ఎవరో అలా పెట్టారు, అదలాగే ఉండిపోయింది. ఆ వానాకాలం నా బతుకంతా కిందికీ పైకీ మధ్యనున్న ఆ పద్నాలుగు మెట్ల చుట్టూనే తిరిగింది.

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. మా టీము ఆస్పత్రిలో కూర్చోదు, సంచి భుజానేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. నడక ఆలస్యమైన పిల్లలు, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలు, మెడ నిలవని పిల్లలు. ఇరుకు గదుల్లో మంచం పక్కకి జరిపించి, చాప పరిచి పని చేయిస్తాం. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. టీములో అందరికంటే సీనియర్ని. అందరికంటే నోటి దురుసు కూడా నాదేనంటారు. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు.

ఆ పిల్లకి ఆరేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళ కండరాలు బిగుసుకుపోయే జబ్బు. నడుస్తుంటే మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి, మడమలు నేలకి ఆనవు. అందుకని పగలంతా మోకాలి కింది దాకా ప్లాస్టిక్ స్ప్లింట్లు తొడుక్కునే ఉంటుంది. చదునుగా ఉన్నచోట గోడ పట్టుకుని ఎంత దూరమైనా పోతుంది. కాళ్ళు మాట వినవు గానీ నోరు మాత్రం పదిమందికి సరిపోతుంది.

"ఆంటీ, ఇవాళ ఎనిమిది సార్లే. మొన్న మీరు రెండెక్కువ చేయించారు. అవి తగ్గించుకోవాలి."

అలా మాట్లాడుతుంది కాబట్టే ఆఫీసరమ్మ అని పేరు పెట్టాను. ఇంట్లో వాళ్ళందరికీ ఆ పేరే ఖాయమైపోయింది.

ఇంట్లో వాళ్ళంటే ఎంతోమంది లేరు. వాళ్ళమ్మ టైలరు, ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని కూర్చుంటుంది. నాలుగో తరగతి చదివే అక్క. నానమ్మ. తండ్రి లారీ మీద తిరుగుతూ నెలకి రెండుసార్లు ఇంటికొస్తాడు, వచ్చిన రెండు రోజులూ పిల్లని భుజం మీంచి దించడు.

వానలు మొదలయ్యాయి, స్కూళ్ళు తెరిచారు. ఆఫీసరమ్మని అక్క చదివే స్కూల్లోనే వేద్దామని వాళ్ళమ్మా నేనూ హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. మమ్మల్ని కూర్చోబెట్టింది, పిల్ల బుగ్గ నిమిరింది, చక్కగా మాట్లాడుతోందని మెచ్చుకుంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"రెండేళ్ళ కిందట ఒక పాప మా మెట్ల మీద జారిపడింది మేడమ్. చెయ్యి విరిగింది. ఆ తల్లిదండ్రుల చేత నేను పడ్డ మాటలు నాకే తెలుసు. ఈ అమ్మాయి ఎవరి సాయం లేకుండా సొంతంగా మెట్లెక్కగలదని మీరు రాసివ్వండి, చేర్చుకుంటాను. ఆరు వారాలు సీటు ఆపుతాను. కుదరకపోతే ఊరవతల ఇలాంటి పిల్లలకని సెంటర్ ఉండనే ఉందిగా."

ఆ సెంటర్ నాకు తెలుసు. రెండు బస్సులు మారాలి. అక్కడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పూసలు గుచ్చిస్తారు. ఆఫీసరమ్మ అప్పటికే అక్క పుస్తకాలు కూడబలుక్కుని చదివేస్తోంది. దానికి పూసలెందుకు?

"ఆరెందుకు మేడమ్, ఐదు వారాలు చాలు," అనేశాను. నా నోరు అలాంటిది. వాళ్ళమ్మ నావైపు చూసిన చూపుకి, అప్పుడే సీటు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టానేమో అనిపించింది.

ఒకటో తరగతిని కింది గదిలోకి మార్చరాదా అని ఆ గదిలో నేను అడగాల్సింది. నాకు తట్టనే లేదు. మెట్లు కనిపిస్తే పిల్లల్ని ఎక్కించాలనిపించడం మా వృత్తికి ఉన్న జబ్బు.

వారానికి ఒకసారి వెళ్ళమని ఆఫీసు నియమం. నేను మూడుసార్లు వెళ్ళాను. మిగతా రెండుసార్లూ నా మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టి వెళ్ళినవే. గొడుగు గుమ్మం బయట తెరిచిపెట్టి, తడిసిన సంచి మూలన పడేసి, చాప మీద కూర్చునేదాన్ని. ముందు కాళ్ళు సాగదీయడం. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడటం. తర్వాత చిన్న పీట మీదికి ఒక కాలు, రెండో కాలు. నానమ్మ లెక్కపెట్టేది. ఆవిడ లెక్కలో నాలుగు తర్వాత ఆరు వచ్చేది, ఎనిమిది తర్వాత పది వచ్చేది.

"పెద్దమ్మా, ఐదేమైంది?"

"వానలో కొట్టుకుపోయింది తల్లీ. పిల్ల అలిసిపోయింది, కనిపించట్లా?"

వాళ్ళుండేది మేడమీద వాటాలో. ఇంటి బయట మెట్లున్నాయి, అవీ పద్నాలుగే, పైన రేకుల కప్పుంది, ఒకపక్క పట్టుకోడానికి ఇనప పట్టీ ఉంది. నాకు ఇంకేం కావాలి! రెండో వారానికి మెట్ల మీదికి దింపాను. ఆఫీసరమ్మ ఎడం చేత్తో పట్టీ పట్టుకుని ఎక్కేది. నేను ఒక మెట్టు కింద, దాని వెనక. నా కుడిచెయ్యి దాని నడుం దగ్గర గాల్లో ఉండేది. పడితే పట్టుకోవడానికే తప్ప ముట్టుకోవడానికి కాదు. కొత్తగా చేరిన వాళ్ళకి నేనే నేర్పుతాను ఆ పాఠం: చెయ్యి దగ్గరుండాలి, తగలకూడదు.

మూడో వారానికి ఏడు మెట్లు. నాలుగో వారంలో ఒక మంగళవారం, బయట వాన దంచికొడుతుంటే, ఆఫీసరమ్మ ఆగకుండా పైదాకా ఎక్కేసింది. పైన గుమ్మంలో వాళ్ళమ్మ చేతిలో కత్తెరతో అలాగే నిలబడిపోయింది. నాకు సంతోషం పట్టలేదు. ఆ సాయంత్రమే కూర్చుని రిపోర్టు రాశాను. 'ఎవరి సాయమూ లేకుండా, పట్టీ ఆధారంతో పద్నాలుగు మెట్లు ఎక్కగలదు.' కింద సంతకం, సంతకం కింద నా హోదా.

స్కూలు నుంచి మూడోనాడే జవాబొచ్చింది. ఒక వారం ఆగి, ఆ పై సోమవారం నుంచి పంపమన్నారు. మా ఆఫీసులో ఇన్‌ఛార్జి నా టేబుల్ దగ్గరికొచ్చి మరీ మెచ్చుకున్నాడు. అతను నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. నెలవారీ పట్టికలో లక్ష్యం నెరవేరిన కేసుల కింద ఆఫీసరమ్మని ఎక్కించేశాడు. లక్ష్యం నెరవేరితే ఫైలు మూసేస్తారు. మూసేస్తే నేను వెళ్ళక్కర్లేదు. ఆ సంబరంలో ఆ సంగతి నా చెవికి ఎక్కలేదు.

ఐదో వారం గురువారం, స్కూలుకి పంపే ముందు ఒకసారి చూద్దామని వెళ్ళాను. యూనిఫాం కుట్టడం అయిపోయింది. ముదురు నీలం గౌను, తెల్ల కాలరు. ఆఫీసరమ్మ అది తొడుక్కుని, విప్పనంటే విప్పనని కూర్చుంది.

"సోమవారం నుంచి నేనుండను కదా. ఇవాళ మీరు ఎక్కించండి, నేను చూస్తాను," అన్నాను వాళ్ళమ్మతో.

వాళ్ళమ్మ వెనకాల నిలబడి, రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుని, "పద తల్లీ," అంది. ఆఫీసరమ్మ ఒక మెట్టెక్కింది. రెండు. మూడో మెట్టు మీద ఆగిపోయింది. కాలు లేస్తోంది గానీ నడుం వెనక్కి పోతోంది. పట్టీని పిడికిలి బిగించి పట్టుకుని, "అమ్మా, పడతా," అంది.

"మళ్ళీ చేయించండి," అన్నాను.

మళ్ళీ మూడే. ఇంకోసారి, అప్పుడూ మూడే.

నాకు చిరాకొచ్చింది. "నేను లేని రోజుల్లో అసలు చేయిస్తున్నారా? నాతో పద్నాలుగు ఎక్కే పిల్ల మీతో మూడే ఎక్కుతోందంటే ఏమనుకోవాలి? మిషను మీద పెట్టే ధ్యాస కాస్త దీనిమీద కూడా పెట్టాలమ్మా."

ఆవిడ పెదవి కొరుక్కుని పక్కకి తిరిగింది. అన్నందుకు మరుక్షణమే నాలుక కరుచుకున్నాను గానీ, అప్పటికే నానమ్మ లేచి వచ్చింది.

"ఆగు తల్లీ. రోజూ నా కోడలు పొద్దునా సాయంత్రం గంటేసి సేపు దీనితో ఈ మెట్ల మీదే ఉంటోంది. నడుం పడిపోయి అన్నం తినకుండా పడుకున్న రోజులున్నాయి. దాన్ని చేతకానిదంటే నేనూరుకోను. నీతో ఎందుకెక్కుతోందో నాకనిపించిందొకటుంది. చెప్పనా?"

"చెప్పండి."

"నువ్వు పట్టుకుంటున్నావు."

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. "పెద్దమ్మా, నేను ముట్టుకోను కూడా. ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని నాది."

"అందుకే నీకు తెలీట్లేదేమో."

ఆవిడ లోపలికెళ్ళి కోడలి మిషను డ్రాయర్లోంచి బట్టల మీద గీసే సుద్దముక్కలు రెండు తెచ్చింది. గుమ్మం మీద పెట్టి రోకలితో దంచి, ఆ పొడి నా కుడిచేతికి పట్టించింది. అరచేయి, వేళ్ళు, మణికట్టు దాకా. "అత్తయ్యా, కొత్త గౌను!" అంది వాళ్ళమ్మ. "ఉతికితే పోతుంది, ఊరుకో," అంది ఆవిడ.

ఆఫీసరమ్మ ఎక్కింది. వెనకాల నేను, ఎప్పట్లాగే చెయ్యి గాల్లో పెట్టుకుని. పద్నాలుగు మెట్లూ ఎక్కేసింది. పైకెళ్ళాక నానమ్మ దాన్ని భుజాలు పట్టి వెనక్కి తిప్పింది.

నీలం గౌను నడుం దగ్గర తెల్లగా ఉంది. ఒక ముద్ర కాదు, రెండు కాదు. ఒకదానిమీద ఒకటి పడి వేళ్ళు విడిగా కనిపించనంత దట్టంగా ఉంది.

నేను నా చేతి వంక చూసుకున్నాను. సుద్ద చాలావరకు రాలిపోయింది. ముందు ఆఫీసరమ్మే మాట్లాడింది.

"నాకు తెలుసు. ఆంటీ చెయ్యి వెచ్చగా తగులుతుంది."

"మరి చెప్పలేదేం?"

"మీకు సంతోషంగా ఉంటుందిగా," అంది.

మెట్టు మీద కూలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. ఎంతమంది కొత్తవాళ్ళకి ఆ పాఠం చెప్పానో, ఎన్ని రిపోర్టుల్లో 'సాయం లేకుండా' అని రాశానో, అవన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. వాటిల్లో ఎన్ని నా చేతి పనో నాకిప్పుడు తెలిసే దారి లేదు. పిల్ల ఎక్కాలని నాకు ఎంత గట్టిగా అనిపించిందో, నా చెయ్యి అంత పనీ నాకు చెప్పకుండా చేసేసింది.

"మరి నేను లేనప్పుడు ఎలా ఎక్కుతున్నావు?" అని అడిగాను చివరికి. "రోజూ కిందికీ పైకీ తిరుగుతూనే ఉంటావుగా. ఎవరెత్తుకుంటున్నారు?"

నానమ్మ రేకుల కప్పు వైపు చూసింది. వాళ్ళమ్మ నేల వైపు చూసింది. అక్క నోరు జారింది. "కూర్చుని ఎక్కుతుంది ఆంటీ. మీరు తిడతారని నానమ్మ చెప్పొద్దంది."

తిడతాను. నిజమే. కూర్చుని దేకనిస్తే అదే అలవాటైపోతుంది, నడక రాదు అని ఏడాది కిందట ఈ పిల్ల కేసు నా చేతికొచ్చిన కొత్తలో నేనే గట్టిగా చెప్పి వెళ్ళాను.

"ఏదీ, చూపించు," అన్నాను.

ఆఫీసరమ్మకి ఆ మాటే చాలు. కిందికి పోయి, వెనకే దిగిన మాకు ఎదురుగా తిరిగి మొదటి మెట్టు మీద కూర్చుంది. చేతులు రెండూ వెనక్కి, పై మెట్టు మీద ఆనించింది. మడమలు కింద తన్నిపెట్టి, ఒక్క ఊపున ఒళ్ళు లేపి పై మెట్టు మీద కూర్చుంది. మళ్ళీ చేతులు వెనక్కి. మధ్యలో అక్కతో కబుర్లు, నానమ్మతో వాదన. ఒక్కసారి కూడా తూలలేదు. దాని భుజాలు, చేతులు ఎంత బలంగా ఉన్నాయో నేనెప్పుడూ చూడలేదు. నా కళ్ళెప్పుడూ కాళ్ళ మీదే ఉండేవి. పైకెళ్ళి కూర్చుని, "అయిపోయింది," అంది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

అది చూశాక నాకు చెయ్యాల్సిందేమిటో అర్థమైంది.

"ఆ రిపోర్టు వెనక్కి తీసుకోవాలి," అన్నాను వాళ్ళమ్మతో. "నేను రాసింది నిజం కాదు."

అంతసేపూ నేల చూపులు చూస్తున్న మనిషి తలెత్తింది. "ఏంటి మేడమ్ మీరనేది? సీటొచ్చింది. సోమవారం పంపమన్నారు. ఇప్పుడెళ్ళి కాదని చెప్తారా?"

"రేపు స్కూల్లో ఆ మెట్ల మీద నా చెయ్యి ఉండదమ్మా. నాలుగో మెట్టు మీద పడిపోతే?"

"నేనుంటాను. రోజూ నేనెళ్ళి ఎక్కిస్తాను. ఎవరికీ తెలీకుండా వెనకాల పట్టుకుంటాను, మీరు పట్టుకున్నట్టే." ఒక అడుగు ముందుకొచ్చింది. "మీరు తప్పు చేశారని మీకిప్పుడు బాధ. ఆ బాధ తీర్చుకోడానికి నా పిల్ల సీటు పోవాలా?"

ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం చెప్పడానికే ప్రయత్నించాను.

"రిపోర్టు ఉన్నంతకాలం ఫైలు మూసేసి ఉంటుంది. ఇక ఎవరూ రారు. దానికి ఇంకా పని కావాలి, స్ప్లింట్లు మార్చాలి, ఏడాదికి ఏడాది కాళ్ళు పొడుగవుతుంటే ఇంకా బిగుస్తాయి. పైగా స్కూలు అడిగింది సొంతంగా ఎక్కాలని. మీ పిల్ల సొంతంగా ఎక్కింది. ఇప్పుడే, మన కళ్ళెదుట. సోమవారం అలాగే ఎక్కుతుంది."

"అంతమంది ముందు?" ఆవిడ మొహం కందిపోయింది. "నా పిల్ల దేక్కుంటూ పోతుంటే స్కూలు స్కూలంతా నిలబడి చూడాలా?"

పై మెట్టు మీంచి ఆఫీసరమ్మ మూతి ముడుచుకుని చూస్తోంది.

"నేను దేకట్లేదమ్మా," అంది. "ఎక్కుతున్నా."

వాళ్ళమ్మ లోపలికెళ్ళిపోయింది. మిషను చప్పుడు మొదలైంది గానీ, కాసేపటికి నేనూ పైకెళ్ళి చూస్తే ఊరికే తొక్కుతోంది, సూది కింద బట్ట లేదు. నానమ్మ వెళ్ళి పక్కన కూర్చుని కోడలి వీపు మీద చెయ్యేసింది. నేను గొడుగు తీసుకుని దిగిపోయాను.

శుక్రవారం ఆఫీసులో ఇన్‌ఛార్జి ముందు కాగితం పెట్టాను. అతను రెండుసార్లు చదివాడు, తలుపు వేసొచ్చి మూడోసారి చదివాడు.

"ఎందుకండీ ఇప్పుడు దీన్ని కెలకడం? స్కూలు చేర్చుకుంది. వాళ్ళకి సంతోషం, మనకి సంతోషం. మీరు కాస్త తగిలించారే అనుకోండి, అందరం తగిలిస్తాం."

"అందరం తగిలిస్తాం. కానీ తగల్లేదని రాసింది నేను."

"పట్టిక పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు మార్చమంటే మిమ్మల్ని సంజాయిషీ అడుగుతారు. సీనియర్ హోదాలో ఉండి తప్పుడు రిపోర్టిచ్చారని రాస్తారు. మరో ఐదారేళ్ళ సర్వీసు..." అంటూ నీళ్ళు నమిలాడు.

"అడగనీ. ఇదే రాసిస్తాను. నా చెయ్యి తగిలింది, నేను తెలుసుకోలేదు, తెలిశాక చెప్పాను. ఫైలు మాత్రం తెరిచి పెట్టు. అది మూసేస్తే నేను రోజూ వచ్చి నీ టేబుల్ ముందు కూర్చుంటాను. నా సంగతి నీకు తెలుసు."

అతనికి తెలుసు. తలుపు తీసి, గుమాస్తాని ఫైలు తెమ్మన్నాడు. సంజాయిషీ అడిగే కాగితం కూడా వారం తిరక్కుండానే వచ్చింది, అది వేరే సంగతి. నేను అన్న మాటే రాసి పంపాను. నా సర్వీసు ఫైల్లో అదిప్పటికీ ఉంది. ఉండనీ.

సోమవారం పొద్దున వాన ఆగి, మబ్బు మాత్రం అలాగే ఉంది. వాళ్ళమ్మ వస్తుందో రాదో నాకు తెలియదు. గేటు దగ్గర నిలబడి చూస్తుంటే నలుగురూ వచ్చారు. అక్క వీపు మీద ఒకటి, చేతిలో ఒకటి, రెండు సంచులు. వాళ్ళమ్మ నాతో మాట్లాడలేదు. కానీ ఆఫీసరమ్మ గౌను వెనక భాగానికి అదే నీలం రంగు దళసరి గుడ్డ రెండు పొరలు వేసి, అడ్డం నిలువూ కుట్టి ఉంది. ఆదివారమంతా కూర్చుని కుట్టి ఉంటుంది.

మెట్ల కింద హెడ్ మేడమ్‌కి కొత్త రిపోర్టిచ్చాను. ఆవిడ చదివి కళ్ళజోడు తీసింది.

"అంటే నిలబడి మూడు మెట్లే ఎక్కుతుందా?"

"నిలబడి మూడే. మొదట నేను రాసింది తప్పు. క్షమించమని అడగడానికే వచ్చాను. ఇంకోటి కూడా అడగడానికొచ్చాను. ఒకటో తరగతిని కిందికి దించండి. ఆరేళ్ళ పిల్లలకి పై అంతస్తు ఎందుకు మేడమ్?"

"ఉన్నపళంగా గదులు మార్చడం అంత తేలికేం కాదు. పై ఏడాది ఆలోచిస్తాను. ఈలోగా ఈ పాప..." ఆవిడకీ ఇబ్బందిగానే ఉంది. "మేడమ్, నేను మొదటే చెప్పాను కదా, సొంతంగా..."

అప్పటికే ఆఫీసరమ్మ మొదటి మెట్టు మీద కూర్చుంది.

బెల్లు కొట్టి ఐదు నిమిషాలైంది. ఆలస్యంగా వచ్చిన పిల్లలు కొందరు మెట్ల కింద ఆగిపోయారు. పై వరండా కటకటాల్లోంచి తలకాయలు కనిపిస్తున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ళమ్మ నా పక్కన కొయ్యలా నిలబడింది. ఆఫీసరమ్మ చేతులు వెనక్కి పెట్టింది, లేచింది, కూర్చుంది. రెండు. మూడు. అది ఎక్కేకొద్దీ మా అందరి మొహాలు చూస్తూనే ఎక్కుతోంది. మేమే తలెత్తాల్సొచ్చింది.

ఎనిమిదో మెట్టు మీద ఎడం కాలి స్ప్లింటు జారి, మడమ పట్టు తప్పింది. ఒళ్ళు పక్కకి ఒరిగింది. నేను తెలియకుండానే ముందుకి అడుగేశాను. నానమ్మ నా మణికట్టు పట్టుకుంది. ముసలి చేతులు, అయినా ఇనప పట్టు.

"నీ చెయ్యి నీ దగ్గరే పెట్టుకో తల్లీ."

ఆఫీసరమ్మ ఆగింది. వంగి స్ప్లింటు పట్టీ విప్పి, కాలు సర్దుకుని, మళ్ళీ బిగించింది. ఎంతసేపు పట్టిందో. ఈసారి ఎవరూ నవ్వలేదు. తొమ్మిది. పది. చివరి మెట్టు మీద కూర్చున్నాక గోడ పట్టుకుని లేచి నిలబడి, పై వరండాలో ఉన్న టీచర్ని అడిగింది.

"టీచర్, నా బెంచీ ఏది?"

టీచరు కింద ఉన్న హెడ్ మేడమ్ వైపు చూసింది. హెడ్ మేడమ్ చేతిలో కాగితం చూసుకుంది, మెట్లు చూసింది, ఆఖరికి వాళ్ళమ్మని చూసింది. వాళ్ళమ్మ కళ్ళు దించలేదు. ఈ ఐదు వారాల్లో ఆవిడ ఎవరి ముందూ అలా నిలబడటం నేను చూడలేదు.

"సొంతంగా ఎక్కింది మేడమ్," అంది. "మీరు అడిగింది అదే."

హెడ్ మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. "మొదటి వరసలో కూర్చోబెట్టండి," అంది పైకి చూసి.

వాళ్ళమ్మ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి.

ఒకటో తరగతి ఆ ఏడాది కిందికి దిగలేదు. నేను నాలుగు ఉత్తరాలు రాశాను, ఐదోది కూడా రాస్తాను. ఆఫీసరమ్మ ఇంటి మెట్ల మీద నిలబడి ఇప్పుడు ఐదెక్కుతోంది. ఆ ఐదూ దాని సొంతం. నేను రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడుతున్నాను.

వానలు వెనకబట్టే రోజుల్లో హెడ్ మేడమ్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"మేడమ్, మీరొకసారి వెంటనే రావాలి. మీ అమ్మాయి వల్ల నా తరగతి తరగతంతా చెడిపోయింది."

"పడిందా?"

"పడటమా! ఒకటో తరగతి ముప్పై రెండుమందీ కూర్చునే ఎక్కుతున్నారు. పందెమట. బెల్లు కొట్టి పావుగంటైనా మెట్లు ఖాళీ అవ్వట్లేదు. రోజూ మీ అమ్మాయే గెలుస్తోంది, ఓడినవాళ్ళు మళ్ళీ కిందికొచ్చి మొదటి నుంచి ఎక్కుతున్నారు. గౌన్లు, నిక్కర్లు చిరుగుతున్నాయని తల్లిదండ్రులు నన్ను ఏకుతున్నారు. నేను చెప్తే వినట్లేదు. మీరు డాక్టరు లాంటివారు, అలా ఎక్కకూడదని మీరు చెప్తే వింటారు."

వెళ్ళాను. మధ్యాహ్నం బెల్లు అప్పుడే కొట్టారు. మెట్ల నిండా పిల్లలు, అందరి మొహాలూ కిందికే తిరిగి ఉన్నాయి. చేతులు వెనక్కి, లేవడం, కూర్చోవడం. నవ్వులు, అరుపులు. అందరికంటే పైన ఆఫీసరమ్మ కూర్చుని అజమాయిషీ చేస్తోంది. "ఏయ్, మడమలు తన్నిపెట్టు! చేతులు ఇంకా వెనక్కి!" నేను దానికి ఎప్పుడూ నేర్పని పాఠం అది.

నన్ను చూసి కేకేసింది. "ఆంటీ, మీకొచ్చా ఇది?"

రాదు. యాభై దాటిన మోకాళ్ళు నావి. సంచి గోడవారన పెట్టాను, చెప్పులు విప్పాను, అందరి మధ్యా మొదటి మెట్టు మీద కూర్చున్నాను. పక్కనున్న పిల్లలు చోటిచ్చారు. చేతులు వెనక్కి చాపితే వేళ్ళకి బూట్లు తగిలాయి. తల తిప్పి చూస్తే రెండో మెట్టు మీద హెడ్ మేడమ్ నిలబడి ఉంది.

"ఏంటి మేడమ్ ఇది? ఆపమని కదా నేను మిమ్మల్ని పిలిచింది!"

"తెలుసు మేడమ్," అన్నాను. "మీరు కాస్త పక్కకి జరగండి. మీరు నిలబడ్డ మెట్టు నాకు కావాలి."